అమెరికా గల్ఫ్ తీరంలో కాపురం: కొత్తగా వచ్చే మనవాళ్లకు నాలుగు మాటలు

(మొన్న ఆదివారం గ్రూపు కాల్‌లో మాట్లాడినది. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ల కోసం రాసి పెడుతున్నాం.)



నేను మాటకారిని కాను. పొద్దున్నే సైటులో ఐదు నిమిషాలు టూల్‌బాక్స్ టాక్ చెప్పడమే నాకు తెలిసిన ఉపన్యాసం. ఇదీ అలాంటిదే అనుకోండి, కాకపోతే కొంచెం పొడుగు.

ముందు ఒక తికమక తీర్చేస్తాను. మన ఊళ్లలో గల్ఫ్ అంటే దుబాయ్, మస్కట్, కతార్. అమెరికాలో కూడా ఒక గల్ఫ్ ఉంది. టెక్సాస్ నుంచి లూసియానా, మిసిసిపి, అలబామా మీదుగా ఫ్లోరిడా దాకా ఉన్న దక్షిణపు ఒడ్డునంతా గల్ఫ్ కోస్ట్ అంటారు. ఓడల యార్డులు, ఆయిల్ రిగ్గుల పని, రిఫైనరీలు, తుఫాను పోయాక ఇళ్లు కట్టే పని, అన్నీ ఇక్కడే. వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్ పని తెలిసిన మనవాళ్లకు అమెరికా అంటే న్యూయార్క్ కాదు, ఈ ఒడ్డే. ఏజెంటు ఫోన్ చేసి "అమెరికా గల్ఫ్" అన్నాడంటే అబద్ధం చెప్తున్నాడని అనుకోకండి. అబద్ధం వేరే చోట ఉంటుంది, దాని గురించి చెప్తాను.

లిబియా, మాల్టా, సైప్రస్ వైపు మధ్యధరా సముద్రం ఒడ్డున పనిచేసి వచ్చినవాళ్లు అడుగుతున్నారు, అక్కడా సముద్రమే, ఇక్కడా సముద్రమే కదా, తేడా ఏంటని. వాతావరణం సంగతైతే మీకు ఇది మధ్యధరా కంటే మన శ్రీకాకుళం, కాకినాడలకే దగ్గరగా అనిపిస్తుంది. ఉక్కపోత, జిడ్డు చెమట, సాయంత్రం ఉన్నట్టుండి కురిసే వాన, రొయ్యలు, పీతలు, తుఫాను భయం. మిసిసిపిలో పాస్కగూలా, బిలాక్సీ, పక్క రాష్ట్రంలో మొబీల్, ఇవన్నీ వరసగా ఒడ్డున ఉన్న ఊళ్లు. తేడా ఎక్కడంటే, ఆ మధ్యధరా ఊళ్లలో గదిలోంచి బయటికొచ్చి నడిస్తే బజారు వస్తుంది, టీ కొట్టు వస్తుంది, నలుగురు మనుషులు కనపడతారు. ఇక్కడ నడిస్తే రోడ్డే వస్తుంది. కారు లేనివాడికి ఊరే లేదు. ఈ ఒక్క తేడా వల్ల మనవాళ్లు కంపెనీవాడు ఎక్కడ దించితే అక్కడే ఉండిపోతారు. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే.

పాస్కగూలాలో జరిగిన సంగతి మీలో కొంతమందికే తెలుసు. అందరికీ తెలియాలి.

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను ఈ ఒడ్డును కొట్టింది. మనం హుద్‌హుద్ చూశాం, తిత్లీ చూశాం. గాలి అంటే ఏంటో మనకు తెలుసు. ఇక్కడ గాలి కంటే నీళ్లు ముంచాయి. మిసిసిపి ఒడ్డున కొన్నిచోట్ల సముద్రం 28 అడుగుల దాకా పైకి లేచింది. ఇళ్లు పునాదులతో సహా పోయాయి. పనివాళ్లు చెల్లాచెదురయ్యారు. యార్డుల్లో ఆయిల్ రిగ్గులు బాగుచేయడానికి చేతులు లేవు. అప్పుడు సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ 2006 చివర్లో, 2007 మొదట్లో మన దేశం నుంచి దాదాపు 500 మందిని తెప్పించింది. అందరూ వెల్డర్లు, పైపు ఫిట్టర్లు. కొందరిని పాస్కగూలా యార్డుకి, కొందరిని టెక్సాస్‌లోని ఆరెంజ్ యార్డుకి పంపారు. కేరళ వాళ్లు చాలామంది, మిగతా రాష్ట్రాల వాళ్లూ ఉన్నారు.

ఏజెంట్లు వాళ్లకు చెప్పింది ఏంటంటే, గ్రీన్ కార్డు వస్తుంది, భార్యాపిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు అని. దానికి ఒక్కొక్కరు 10 వేల డాలర్లు, కొందరు 20 వేల డాలర్లు కూడా కట్టారు. పొలం అమ్మినవాడు అమ్మాడు, ఇల్లు తాకట్టు పెట్టినవాడు పెట్టాడు. దిగాక చేతిలో ఉన్నది హెచ్-2బి వీసా. అంటే కొన్ని నెలల పనికిచ్చే తాత్కాలిక వీసా, అదీ ఆ ఒక్క కంపెనీలో పనికే. దానంతటది గ్రీన్ కార్డు కాదు.

దిగిన చోటు యార్డు లోపలే. ఒక్కో ట్రైలర్‌లో 24 మంది దాకా, వాళ్లకు రెండే మరుగుదొడ్లు. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా, బయటివాళ్లను లోపలికి రానివ్వరు. తిండికీ పడకకూ కలిపి జీతంలోంచి రోజుకు 35 డాలర్లు కోత. బయట గది చూసుకుంటానన్నా ఆ కోత ఆగదని చెప్పేవారు. నేను లెక్కలు చూసేవాణ్ణి కాబట్టి నాకు ముందు ఇదే తోచింది. రోజుకు 35 అంటే నెలకు 1,050. 24 మందికి నెలకు 25,200 డాలర్లు. ఒక్క ట్రైలర్‌కి! కాగితం మీద వేసి చూసుకోండి.

2007 మార్చిలో గొంతెత్తిన కొందరిని తెల్లవారకముందే కాపలావాళ్లతో పట్టించి ఇంటికి పంపేయాలని చూశారు. వాళ్లలో ఒకతను మణికట్టు కోసుకున్నాడు, బతికాడు. అప్పుల ఊరికి ఖాళీ చేతులతో పోవడం కంటే అదే నయం అనిపించింది ఆ మనిషికి. అది మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఏడాది తర్వాత, 2008 మార్చిలో, దాదాపు వంద మంది కలిసి పని వదిలి యార్డు గేటు దాటి బయటికి నడిచారు. న్యూ ఆర్లీన్స్ నుంచి వాషింగ్టన్ దాకా ప్రయాణం కట్టారు, అక్కడ నిరాహారదీక్ష చేశారు. కోర్టులో కేసు పడింది. ఏడేళ్లు సాగింది. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ కోర్టులో జ్యూరీ మొదటి ఐదుగురికే 1 కోటి 40 లక్షల డాలర్లు ఇవ్వాలని చెప్పింది. ఆ తర్వాత కంపెనీ దివాలా తీసింది, మిగతావాళ్ల కేసులకు 2 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. మనుషుల అక్రమ రవాణా బాధితులకిచ్చే టీ వీసాలు చాలామందికి వచ్చాయి. భార్యాపిల్లలను తెచ్చుకుని ఇక్కడే కుదురుకున్నవాళ్లు ఉన్నారు.

వాళ్లు గెలిచారు కదా అని సంతోషపడి వదిలేయకండి. ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో ఊళ్లో వడ్డీ ఆగిందా? అందుకే గెలుపు కంటే ముందు సంగతి చూడాలి. నా లెక్క ప్రకారం వాళ్లను పట్టి ఉంచింది కంచె కాదు. పడక కంపెనీది, భోజనం కంపెనీది, వీసా కంపెనీది, బండి కంపెనీది. ఊళ్లో అప్పు మాత్రం సొంతం. ఈ ఐదూ ఒకచోట కలిస్తే కంచె లేకపోయినా మనిషి కదల్లేడు. కాబట్టి వచ్చే ముందు అప్పును, వచ్చాక మిగతావాటిని ఒక్కొక్కటిగా వాళ్ల చేతిలోంచి మీ చేతిలోకి తెచ్చుకోవాలి.

అప్పు సంగతి. మనలో పదో తరగతి పాసైనవాళ్లకు ఈసీఎన్ఆర్ పాస్‌పోర్టు వస్తుంది. పాసవ్వనివాళ్లది ఈసీఆర్. ఈసీఆర్ వాళ్లు సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకు పోవాలంటే ప్రభుత్వం కాంట్రాక్టు చూసి క్లియరెన్స్ ఇవ్వాలి. అమెరికా ఆ 18 దేశాల్లో లేదు. అంటే మీ కాంట్రాక్టు కాగితాన్ని మన ప్రభుత్వం తరఫున ఆపి చూసేవాడు ఎవడూ ఉండడు, మీరే చూసుకోవాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలుస్తుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా సర్వీసు చార్జీ కింద 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. 8 లక్షలు, 12 లక్షలు అంటున్నాడంటే వాడు మీకు ఉద్యోగం ఇప్పించట్లేదు, మిమ్మల్ని అమ్ముతున్నాడు. ఆంధ్రా వాళ్లకు ఓమ్‌క్యాప్, తెలంగాణ వాళ్లకు టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, ముందు అక్కడ అడగండి.

ఇటు అమెరికా చట్టం ఇంకా గట్టిది. హెచ్-2బి పనివాడి దగ్గర ఉద్యోగం ఇప్పించినందుకు కంపెనీ గానీ, దాని ఏజెంటు గానీ డబ్బు తీసుకోకూడదు. వీసా ఫీజు మీరు కట్టి ఉంటే మొదటి వారం జీతంతోనే కంపెనీ తిరిగి ఇవ్వాలి. కాంట్రాక్టు కాలంలో సగం పూర్తిచేస్తే వచ్చిన ప్రయాణం ఖర్చు ఇవ్వాలి. కాంట్రాక్టు చివరిదాకా ఉంటే తిరుగు టికెట్టు కూడా వాళ్లదే. పని లేదని గదిలో కూర్చోబెడితే, 12 వారాలకు ఒకసారి లెక్క చూసి, చెప్పిన గంటల్లో నాలుగింట మూడు వంతుల జీతం ఇచ్చి తీరాలి. ఇవన్నీ జాబ్ ఆర్డర్ అనే కాగితంలో ఉంటాయి. వీసాకి పెట్టే లోపే, మీకు అర్థమయ్యే భాషలో, ఆ కాగితం మీ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందని ఏజెంటు బెదిరిస్తే, ఆ ఉద్యోగం పోవడమే మంచిది.

ఇక గ్రీన్ కార్డు మాట. హెచ్-2బి ఒకసారికి ఏడాది లోపే ఇస్తారు, పొడిగించుకుంటూ పోయినా మొత్తం మూడేళ్లు. ఆ తర్వాత దేశం విడిచి వెళ్లాలి. "రెండేళ్లలో గ్రీన్ కార్డు" అని నోటితో చెప్పేవాణ్ణి వాట్సాప్‌లో రాసి పంపమనండి. పంపడు. పంపితే దాచుకోండి, పనికొస్తుంది.

ఇప్పుడు దిగాక సంగతులు.

పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. "సేఫ్‌గా ఆఫీసులో పెడతాం" అంటారు. మస్కట్‌లో, సౌదీలో ఇచ్చేసిన అలవాటుంది కాబట్టి మనవాళ్లు చెయ్యి చాపి ఇచ్చేస్తారు. ఇక్కడ పనివాణ్ణి కదలనివ్వకుండా పని చేయించుకోవడానికి పాస్‌పోర్టు లాక్కోవడం నేరం, జైలు శిక్ష ఉంది. కాపీ ఇవ్వండి, అసలు ఇవ్వకండి. ఐ-94 అనే రికార్డు ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, దిగిన వారంలో దాన్ని దింపుకుని ఫోటో తీసి ఇంటికి కూడా పంపండి. మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ కాగితం చెప్తుంది, వీసా స్టాంపు కాదు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి నంబరుకు పెట్టుకోండి. ఇల్లు మారితే 10 రోజుల్లో ఇమిగ్రేషన్ వాళ్లకు కొత్త అడ్రసు తెలపాలి. ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని, ఎవడూ చెయ్యడు.

పడక. హెచ్-2బిలో ఇల్లు ఉచితంగా ఇవ్వాలన్న నియమం లేదు. కానీ ఇంటికని, బండికని జీతంలోంచి ఎంత కోస్తారో ముందే జాబ్ ఆర్డర్‌లో రాసి ఉండాలి. రాయని కోత చెల్లదు. మొదటి రెండు నెలలు కంపెనీ గదిలోనే ఉండండి, తప్పదు, ఎందుకంటే కొత్తవాడికి క్రెడిట్ చరిత్ర ఉండదు, ఇల్లు ఎవరూ ఇవ్వరు. ఈలోపు బ్యాంకు ఖాతా తెరిచి, రెండు నెలల పే స్టబ్‌లు చేతిలో పెట్టుకుని, ముగ్గురో నలుగురో కలిసి చిన్న ఇల్లు చూడండి. పెద్ద అపార్ట్‌మెంట్ కంపెనీలు కంప్యూటర్‌లో చూసి కాదంటాయి. ఒకటి రెండు ఇళ్లు ఉన్న ముసలి ఓనర్లు మనిషిని చూసి ఇస్తారు. పే స్టబ్ చూపించండి, ఒక నెల అడ్వాన్సు ఎక్కువ ఇస్తామని చెప్పండి. ఉండే ప్రతి మనిషి పేరూ లీజులో ఎక్కించండి. ఇద్దరి పేరు రాసి ఆరుగురు పడుకుంటే, ఏ రోజైనా ఓనరు ఖాళీ చేయమంటాడు, అది అతని తప్పు కాదు.

పోపు పెట్టగానే పొగ అలారం మోగుతుంది. దానికి ప్లాస్టిక్ కవరు కట్టకండి. ప్రాణం మీదికి వస్తుంది, ఓనరు చూస్తే అడ్వాన్సూ పోతుంది. కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, నూనె తగ్గించి వేయించుకోండి. కొన్నాళ్లకు చెయ్యి తిరుగుతుంది.

బియ్యానికి, కూరలకు బెంగ వద్దు. బిలాక్సీ వైపు 1970ల చివర్నుంచి వియత్నాం వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. రొయ్యల పడవల మీద బతికినవాళ్లు. వాళ్ల కొట్లలో పెద్ద బియ్యం బస్తాలు, కాకరకాయ, చింతపండు, పెసలు, కొబ్బరికాయలు దొరుకుతాయి. బెండకాయైతే ఇక్కడి దక్షిణాదివాళ్లే మనకంటే ఎక్కువ తింటారు. రొయ్యలు పడవ దగ్గరే కొనుక్కోవచ్చు. గాలం వేయాలనిపిస్తే లైసెన్సు తీసుకుని వేయండి. ఆదివారం సరదాకి పోయి జరిమానా కట్టి వచ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. ఆ వియత్నాం వాళ్ల గురించి ఒక మాట. యుద్ధం నుంచి పారిపోయి, భాష రాకుండా దిగారు. ఇప్పుడు పడవలు వాళ్లవి, కొట్లు వాళ్లవి. నేను ఆ కొట్లోకి వెళ్లినప్పుడల్లా కౌంటర్ దగ్గర కూర్చున్న పెద్దావిడను చూసి, ఈవిడ మొదటి ఏడాది ఎక్కడ పడుకుందో అనుకుంటాను.

బండి. ఒక గదిలో నలుగురుంటే కనీసం ఇద్దరైనా ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోండి. రాత పరీక్ష పుస్తకం చదివితే చాలు. ఇన్సూరెన్సు లేకుండా బండి తీయకండి, తాగి అస్సలు తీయకండి. మిగతా దేశాల్లో తాగి నడిపితే జరిమానాతో పోయిందేమో గానీ, ఇక్కడ అది వీసా దాకా వస్తుంది. సొంత బండి ఉంటే ఆదివారం మీ చేతిలో ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి ఫోర్‌మన్‌ను బతిమాలే పని ఉండదు.

జీతం గురించి. వారానికి 40 గంటలు దాటితే ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు. గంటకు 20 డాలర్లు అనుకోండి, వారంలో 55 గంటలు చేశారు. 40 గంటలకు 800, మిగతా 15 గంటలకు 30 చొప్పున 450, మొత్తం 1,250. "అందరికీ ఫ్లాట్ రేటే" అని 1,100 ఇస్తే వారానికి 150 పోయినట్టు. అందులోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద నూటికి 7.65 కోత న్యాయమైనదే. మీరు కంగారుపడకండి. రోజూ ఎన్ని గంటలు చేశారో మీ సొంత డైరీలో రాసుకోండి. ఫోన్‌లో కాదు, ఫోన్ నీళ్లలో పడుతుంది. నేను సూపర్‌వైజర్‌నే, టైమ్ షీట్లు నేనే రాస్తాను, అయినా చెప్తున్నాను, సూపర్‌వైజర్ లెక్క నమ్మకండి. మీ లెక్క మీ దగ్గర ఉంటే నాలాంటివాడు కూడా జాగ్రత్తగా రాస్తాడు. దెబ్బ తగిలితే చిన్నదైనా అదే రోజు చెప్పండి. 30 రోజుల్లోపు రాతపూర్వకంగా ఇవ్వకపోతే పరిహారం దగ్గర ఇబ్బంది.

కంపెనీతో పడకపోతే రాత్రికి రాత్రి పారిపోయి వేరేచోట చేతికి నగదు తీసుకుని పనిచేయకండి. అప్పుడు చట్టం మీ పక్క నుంచి లేచి అవతలికి పోతుంది. 2025 జనవరి 17 నుంచి అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, హెచ్-2బి పని ఆగిపోయాక, ఐ-94 గడువు లోపల, 60 రోజుల దాకా దేశంలో ఉండొచ్చు. ఆలోపు ఇంకో కంపెనీ మీ కోసం పిటిషన్ వేయొచ్చు. జీతం ఎగ్గొడితే లేబర్ డిపార్ట్‌మెంట్ నంబరు 1-866-487-9243. కదలనివ్వకపోయినా, పాస్‌పోర్టు లాక్కున్నా 1-888-373-7888. రెండూ ఉచితం. మన కాన్సులేటు మిసిసిపి, అలబామాల్లో ఉన్నవాళ్లకు అట్లాంటా, లూసియానా, టెక్సాస్‌ల వాళ్లకు హ్యూస్టన్. ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, పర్సులో చీటీ మీద కూడా ఉండాలి.

చివరగా తుఫాను. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా సీజను. ట్రైలర్‌లో ఉన్నవాళ్లు, చిన్న తుఫాను అని చెప్పినా సరే, ఖాళీ చేయమంటే ఖాళీ చేయాల్సిందే. ఇనుప డబ్బా అది, ఎగిరిపోతుంది. ఫోర్‌మన్ "ఏం కాదు, రేపు డ్యూటీ ఉంది" అన్నా కౌంటీ వాళ్లు పొమ్మంటే పోండి. పాస్‌పోర్టు, ఐ-94, పే స్టబ్‌లు, డైరీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాంతోపాటు మూడు రోజుల మందులు, నగదు, చార్జర్ సంచిలో సర్దుకోండి. బండిలో పెట్రోలు ముందురోజే నింపండి, ఆ రోజు బంకు దగ్గర లైను మైలు పొడుగు ఉంటుంది. తిరిగొచ్చాక కరెంటు ఉండదు. జనరేటర్ ఇంట్లో గానీ, వరండాలో గానీ పెట్టకండి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇంటికి ఫోన్ చేయడానికి ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర మంచి టైము. వేసవిలో అయితే మనకి అక్కడ పొద్దున్న ఏడు, పిల్లలు బడికి పోయే ముందు దొరుకుతారు. చలికాలంలో ఇక్కడి గడియారం గంట వెనక్కి జరుపుతారు, అప్పుడు ఏడున్నరకే చేయాలి.

జాబ్ ఆర్డర్ కాగితం ఉన్నవాళ్లు పేరు, పాస్‌పోర్టు నంబరు కొట్టేసి ఫోటో పంపండి. కోతల దగ్గర ఏం రాశారో వచ్చే ఆదివారం కలిసి చదువుదాం. వాయిస్ మెసేజ్‌లు డ్యూటీ అయ్యాక వింటాను, వెంటనే జవాబు రాకపోతే అనుకోకండి.